మూలన పడ్డ నాలుగు సిస్టమ్‌లతో ఇంట్లో క్లస్టర్: నల్లగొండ ఎండకీ, కరెంటు కోతకీ తట్టుకునేలా

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక సంగతి తేల్చుకోండి, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. నాలుగు పాత సిస్టమ్‌లు కలిపితే ఒక పెద్ద సిస్టమ్ అవ్వదు. బ్రౌజర్ తొందరగా తెరుచుకోదు, గేమ్ స్మూత్‌గా నడవదు, నాలుగు చోట్ల ఉన్న 4 జీబీ ర్యామ్‌లు కలిసి 16 జీబీ అయిపోవు. ఏ ప్రోగ్రామ్‌కైనా తను నడుస్తున్న మిషన్‌లో ఉన్న ర్యామే కనిపిస్తుంది. క్లస్టర్ అంటే నాలుగు మిషన్లు ఒక పనిని పంచుకోవడం. కాబట్టి మొదటి ప్రశ్న మిషన్ల గురించి కాదు, మీ పని గురించి: అది ముక్కలవుతుందా, అవ్వదా?

వరి నాట్లు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎకరం మడిలో ఒక్కరే నాటితే రోజులు పడుతుంది, పది మంది దిగితే ఒక్క పూటలో గట్టెక్కుతారు, ఎందుకంటే ఈ మూల నాటే మనిషికి ఆ మూల నాటే మనిషితో పని లేదు. కానీ నారు కట్టలు మోసే మనిషి ఒక్కడే ఉండి, అతను కూడా మెల్లగా నడిస్తే, పది మందిలో సగం మంది నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడాల్సిందే. దమ్ము చెయ్యడం పూర్తి కాకపోతే వంద మందిని పిలిచినా నాటు మొదలవ్వదు. క్లస్టర్‌లో నారు మోసే మనిషి నెట్‌వర్క్. దమ్ము అంటే పనిలో విడదీయలేని భాగం. ఈ లెక్కనే 1967లో జీన్ అమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు చెప్పాడు: పనిలో పదో వంతు విడదీయలేనిది ఉంటే, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా మొత్తం వేగం పది రెట్లు దాటదు.

నా పని ఇది. మా నాన్న ఏళ్ల తరబడి దాచుకున్న తెలుగు వారపత్రికలు, మాసపత్రికలు, చెదలు పట్టకముందే స్కాన్ చేశాను, మొత్తం 9 వేల పేజీల దాకా వచ్చాయి. ఆ బొమ్మల్లోంచి అక్షరాలు తీయాలి, అంటే ఓసీఆర్ చెయ్యాలి. ఒక పేజీ చదవడానికి పక్క పేజీ అవసరం లేదు. క్లస్టర్‌కి ఇంతకన్నా కుదిరే పని ఉండదు. బ్లెండర్‌లో యానిమేషన్ ఫ్రేములు రెండర్ చెయ్యడం, పెళ్లి వీడియోలు వందల కొద్దీ ఫార్మాట్ మార్చడం, ఒకే సిమ్యులేషన్‌ని వేర్వేరు అంకెలతో వెయ్యిసార్లు నడపడం, ఇవన్నీ ఇదే కోవలోవి. ట్యాలీ, ఫోటోషాప్ లాంటివి స్పీడు పెంచుకోవాలంటే మాత్రం ఒక ఎస్ఎస్‌డీ కొనుక్కోండి, క్లస్టర్ జోలికి రావద్దు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. చేతిలో డబ్బు ఉంటే ఇప్పటి కొత్త ఐ3 సిస్టమ్ ఒక్కటి మన నాలుగు పాత మిషన్లని మించి పని చేస్తుంది, కరెంటు కూడా తక్కువ తాగుతుంది. మరి ఎందుకు ఇదంతా అంటే, సామాను ఊరికే పడి ఉంది, పని రాత్రిపూట తనంతట తను నడిచేది, పైగా పెద్ద డేటా సెంటర్లలో పని ఎలా పంచుతారో చేత్తో చేసి నేర్చుకోవచ్చు. 1994లో నాసా గోడార్డ్ సెంటర్‌లో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ మొదటి బియోవుల్ఫ్ క్లస్టర్ కట్టింది 16 మామూలు 486 ప్రాసెసర్లతో, 10 ఎంబీపీఎస్ నెట్‌వర్క్‌తో. అది చాలక ఒక్కో మిషన్‌కి రెండేసి నెట్‌వర్క్ లైన్లు కలిపి వాడారు. మన ఇంటి అటక మీద ఉన్న సామాను దానికన్నా ఎన్నో రెట్లు మేలు.

ఏం ఏరుకోవాలి

నల్లగొండలో కానీ పాలమూరులో కానీ పాత సిస్టమ్‌లు దొరికే చోట్లు మూడు. మూసేసిన ఇంటర్నెట్ సెంటర్లు, ల్యాబ్ మార్చేసిన కాలేజీలు, రైస్ మిల్లుల లాంటి చోట్ల ఆఫీసు గదులు. పాతినుప సామాన్ల దుకాణానికి చేరాక కొనడం నాకు ఇష్టం ఉండదు, అప్పటికే బోర్డుల మీద ఇనుప ముక్కలు పడి గీతలు పడి ఉంటాయి. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్ల బజారు) సెకండ్ హ్యాండ్ సామాను బోలెడు ఉంటుంది కానీ మొత్తం సిస్టమ్‌ల కోసం అంత దూరం వెళ్లకండి, ఒక ర్యామో, ఒక గిగాబిట్ స్విచ్చో తగ్గినప్పుడు వెళ్లండి.

పెంటియం 4 ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దనండి. వేడి ఎక్కువ, పని తక్కువ, పైగా అందులో చాలావరకు 32 బిట్‌వి, 2025లో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్‌కి 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. కోర్ టూ డ్యుయో నుంచి మొదలుపెట్టండి. జీ31, జీ41 బోర్డులు మన దగ్గర కుప్పలుగా దొరుకుతాయి. జీ31 మీద ర్యామ్ 4 జీబీకి మించి పట్టదు, నెట్‌వర్క్ పోర్టు కూడా చాలా బోర్డుల్లో 100 ఎంబీపీఎస్‌దే. హెచ్61 బోర్డు, ఐ3 2120 లేదా ఐ5 2400 ప్రాసెసర్ దొరికితే వదలకండి. తేడా గిగాహెర్ట్జ్‌లో కాదు, ప్రాసెసర్ తరంలో, ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసే ఏవీఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్లలో ఉంది. కోర్ టూ డ్యుయోలో అవి లేవు, ఐ3, ఐ5 రెండో తరం నుంచి ఉన్నాయి. మెషిన్ లెర్నింగ్‌కి వాడే టెన్సర్‌ఫ్లో రెడీమేడ్ ప్యాకేజీలు 1.6 వెర్షన్ నుంచి ఏవీఎక్స్ లేని మిషన్‌లో అసలు నడవవు.

నాకు చివరికి కుదిరింది ఒక ఐ5 2400, మూడు కోర్ టూ డ్యుయో ఈ7500లు. నాలుగు కోర్లు ఒకదాంట్లో, రెండేసి మిగతా మూడింట్లో, మొత్తం పది.

పాత హార్డ్ డిస్కుల విషయంలో ఒక మాట గట్టిగా చెప్తాను. ఇంటర్నెట్ సెంటర్ నుంచి వచ్చిన డిస్కు పెట్టి చూస్తే డెస్క్‌టాప్ మీదే వందల కొద్దీ ఆధార్ స్కాన్లు, మార్కుల మెమోలు, పాస్‌పోర్ట్ ఫోటోలు ఉన్నాయి. ఎవరివో, ఎప్పటివో. ఒక్క ఫైల్ కూడా తెరవకుండా ఎన్‌వైప్ అనే ప్రోగ్రామ్‌తో డిస్కు మొత్తం తుడిచెయ్యండి. మీకు సామాను ఇచ్చినవాళ్లకి ఈ సంగతి తెలియకపోవచ్చు, మనకి తెలుసు కాబట్టి బాధ్యత మనది. తుడిచాక డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో చూడండి, రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్లు (డిస్కులో పాడైన, పాడయ్యాయని అనుమానం ఉన్న చోట్లు) సున్నా కాకుండా ఏ అంకె కనిపించినా ఆ డిస్కుని పక్కన పెట్టేయండి. దాని మీద నమ్మకం పెట్టుకుంటే అర్ధరాత్రి పని మధ్యలో ముంచుతుంది.

విప్పడం, తుడవడం

క్యాబినెట్ ఇంట్లో విప్పకండి, వాకిట్లో విప్పండి. హీట్ సింక్ మీద ఫ్యాన్ నాలుగు పిన్నులు తిప్పి పైకి లేపితే, రేకుల మధ్య దుమ్ము పొరలా, దుప్పటి ముక్కలా అతుక్కుని ఉంటుంది. గోటితో పట్టి లాగితే మొత్తం ఒకేసారి ఊడొస్తుంది. ఈ ఒక్క పొర వల్లే ఎన్నో సిస్టమ్‌లు స్లో అయిపోయాయని జనం మూలన పడేశారు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీద పాత పేస్టు ఎండి పెచ్చులుగా ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడిచి, కొత్త థర్మల్ పేస్ట్ శనగ గింజంత పెట్టి హీట్ సింక్ నొక్కితే చాలు, దోసెలా పరచక్కర్లేదు.

తర్వాత ప్రాసెసర్ చుట్టూ నిలబడ్డ కెపాసిటర్లని వంగి పక్క నుంచి చూడండి. తల బల్లపరుపుగా ఉంటే బాగున్నట్టు. పూరీలా ఉబ్బినా, పైన గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు ఎక్కువ కాలం ఉండదు. ఒకటి రెండే ఉబ్బితే టీవీ మెకానిక్ దగ్గర మార్పించుకోవచ్చు, ఐదారు ఉబ్బితే వదిలేయండి.

ర్యామ్ తీసి దాని బంగారు రంగు కాళ్లని పిల్లల పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా రుద్దండి, పొట్టు రాలేదాకా. డిస్‌ప్లే రావట్లేదు, బీప్ కొడుతోంది అని పారేసిన వాటిలో చాలావరకు ఈ ఒక్క పనితో లేచి కూర్చుంటాయి. లేచాక మెమ్‌టెస్ట్86 ప్లస్ ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఆ ర్యామ్ వాడొద్దు. మామూలు సిస్టమ్‌లో చెడ్డ ర్యామ్ ఉంటే ఎప్పుడో ఒకసారి హ్యాంగ్ అవుతుంది, మనకి తెలుస్తుంది. క్లస్టర్‌లో అదే ర్యామ్ తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది, వేల ఫలితాల్లో అది ఎక్కడ కలిసిందో పట్టుకోలేం.

ఎస్ఎంపీఎస్, అంటే బోర్డుకి కరెంటు ఇచ్చే డబ్బా, మాత్రం విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు ఉంటుంది. పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుకీ ఏదో ఒక నల్ల వైరుకీ మధ్య పేపర్ క్లిప్ పెడితే బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతూ, మల్టీమీటర్‌లో 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య ఉంటే వాడొచ్చు. నేను మొదట్లో చవకగా దొరికిందని ఒక పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ పెట్టాను, మూడో రాత్రి ఫుల్ లోడ్ మీద టప్పుమని పేలి బోర్డుని కూడా తీసుకుపోయింది. మిగతావన్నీ ఊరికే వచ్చినా ఎస్ఎంపీఎస్‌కి మాత్రం డబ్బు పెట్టండి.

బోర్డులని చెక్క మీద బిగించి ఓపెన్‌గా పెట్టే ఫోటోలు చూసి మురిసిపోకండి. మన ఇళ్లలో బల్లులు ఉంటాయి, చీమలు ఉంటాయి, వెచ్చగా ఉన్న చోటికి అవే వస్తాయి. క్యాబినెట్‌లోనే ఉంచి, కిరాణా షాపుల్లో వాడే స్లాటెడ్ యాంగిల్ ర్యాక్‌లో నాలుగూ పెట్టండి, మధ్యలో జానెడు ఖాళీ వదలండి.

కరెంటు, ఎండ

ముందు ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే చీమలు పాకినట్టు జివ్వుమంటోందంటే ఎర్త్ లేదని అర్థం. నాలుగు మిషన్లు ఒకే జంక్షన్ బాక్స్ మీద ఉంటే ఆ జివ్వుమనడం నాలుగింతలవుతుంది, నెట్‌వర్క్ పోర్టులు కూడా పోతాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. మన రాతి నేలల్లో ఎండాకాలం ఎర్త్ గుంత పొడిబారిపోతుంది, వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పొయ్యండి.

నా నాలుగు మిషన్లూ ఫుల్ లోడ్‌లో కలిపి 320 వాట్ల దగ్గర తీసుకుంటాయి, ప్లగ్ మీటర్ పెట్టి చూశాను. రాత్రికి 8 గంటలు నడిపితే రెండున్నర యూనిట్లు, నెలంతా నడిపితే 77 యూనిట్ల దాకా. ఇది చిన్న అంకె కాదు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే మరీ జాగ్రత్తగా లెక్క వేసుకోండి, 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు పోతుంది. అందుకే పని ఉన్నప్పుడే లేపాలి. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) వేక్ ఆన్ ల్యాన్ ఆన్ చేసి పెడితే, పెద్ద మిషన్ ఐ5 నుంచి వేక్ఆన్‌ల్యాన్ కమాండ్‌తో మిగతా మూడింటినీ కూర్చున్న చోటి నుంచే లేపొచ్చు.

ఆ 320 వాట్లూ చివరికి వేడిగా గదిలోకే వస్తాయి. మేలో నల్లగొండలో పగలు 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు స్లాబ్ కింద గదిలో ఇవి నడపడం వాటిని చంపుకోవడమే, రాత్రి పది దాకా స్లాబ్ సెగ కక్కుతూనే ఉంటుంది. కింది అంతస్తులో, ఉత్తరం కిటికీ ఉన్న గది చూసుకోండి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నడపండి. ఎల్ఎం-సెన్సర్స్ ప్యాకేజీ వేసుకుంటే సెన్సర్స్ అనగానే ప్రాసెసర్ వేడి చెప్తుంది, 80 దాటుతుంటే ఆపి ఎక్కడ గాలి ఆగిందో చూడండి. కూలర్ గాలి నేరుగా తగిలేలా పెట్టకండి, ఆ తడి గాలికి దుమ్ము బురదలా అతుక్కుంటుంది. కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ని బయటికి తిప్పి పెడితే, వేడి గాలి బయటికి పోతుంది, అది చాలు.

కరెంటు పోతే నాలుగింటినీ నిలబెట్టడం చిన్న యూపీఎస్ వల్ల కాదు, ప్రయత్నించకండి. పెద్ద మిషన్, స్విచ్ రెండే యూపీఎస్ మీద పెట్టండి. మిగతావి ఆరిపోతే ఆరిపోనివ్వండి, పని పోకుండా చూసుకునే పద్ధతి కింద చెప్తాను. వాటి బయోస్‌లో రెండు సెట్టింగులు మార్చండి: కరెంటు తిరిగి రాగానే తనంతట తను ఆన్ అవ్వాలి, కీబోర్డు లేకపోయినా ఎర్రర్ చూపించి ఆగిపోకూడదు.

వైర్లు

మధ్యలో ఒక స్విచ్, దానికి నాలుగు కేబుళ్లు, ఇంతే. వైఫై వద్దు, ఎంత బాగా సిగ్నల్ వచ్చినా వద్దు. 100 ఎంబీపీఎస్ స్విచ్ చాలా, గిగాబిట్ కావాలా అనేది పనిని బట్టి ఉంటుంది, లెక్క వేసి చూడండి. నా స్కాన్ పేజీ ఒకటి 4 ఎంబీ. పది కోర్లూ కలిసి మూడు సెకన్లకి ఒక పేజీ మింగుతాయి, అంటే సెకనుకి ఒకటిన్నర ఎంబీ కూడా కాదు. 100 ఎంబీపీఎస్ లైను సెకనుకి 11 ఎంబీ దాకా మోస్తుంది. నారు మోసే మనిషి ఇక్కడ తీరిగ్గా ఉన్నాడు. వీడియో ముక్కలు పంచితే మాత్రం అతనే అడ్డు అవుతాడు, అప్పుడు గిగాబిట్ పెట్టండి. కేబుల్ మీరే క్రింప్ చేస్తే రెండు చివర్లా ఒకే వరస: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ.

డెబియన్ వేయడం

నాలుగింటికీ ఒకే వెర్షన్ డెబియన్ 64 బిట్ వెయ్యండి. ఏమేం కావాలని అడిగే చోట డెస్క్‌టాప్ టిక్ తీసేసి వేరే మిషన్ నుంచి ఇందులోకి రానిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఒక్కటి ఉంచండి. నాలుగింట్లోనూ యూజర్ పేరు ఒకటే ఇవ్వండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఇవ్వండి, అప్పుడు యూజర్ నంబర్ కూడా అన్నింట్లో 1000 అవుతుంది. తర్వాత ఫోల్డర్ పంచుకునేటప్పుడు పర్మిషన్లు చూసేది పేరుతో కాదు, ఆ నంబర్‌తో.

మిషన్లకి పేర్లు పెట్టండి, అంకెలు గుర్తుండవు. నేను ఐ5కి కృష్ణ అని, మిగతా మూడింటికీ మూసీ, డిండి, హాలియా అని పెట్టాను, మన జిల్లాలో ఆ మూడూ వెళ్లి కలిసేది కృష్ణలోనే, ఇక్కడ ఫలితాలు కూడా అన్నీ వచ్చి చేరేది ఆ మిషన్‌లోనే. కృష్ణకి 192.168.10.10, మిగతావాటికి 11, 12, 13 అని కదలని అడ్రసులు ఇచ్చి, ఏ పేరుకి ఏ అడ్రసో చెప్పే హోస్ట్స్ ఫైల్లో, నాలుగింట్లోనూ, ఈ నాలుగు లైన్లూ రాయండి. అదే ఫైల్లో డెబియన్ తనంతట తను 127.0.1.1 ఎదురుగా మిషన్ పేరు రాసి పెడుతుంది. ఆ లైను తీసెయ్యండి. ఉంటే మూసీని నువ్వెవరని అడిగినప్పుడు 127.0.1.1 అంటుంది, ఆ అడ్రసు ఎవరికి వాళ్లదే కాబట్టి ఎంపీఐ (మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, చివర్లో చెప్తాను) లాంటివి ఎక్కడికి కనెక్ట్ అవ్వాలో తెలియక నిలబడిపోతాయి.

హాలియా దగ్గర నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఏ ప్యాకేజీ వెయ్యబోయినా రిపాజిటరీ ఫైల్ ఇంకా చెల్లుబాటు కాలేదు అని ఎర్రర్. కేబుల్ మార్చాను, స్విచ్ పోర్ట్ మార్చాను, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అదే ఎర్రర్. చివరికి ఊరికే డేట్ అని కొట్టి చూస్తే అది ఇంకా 2009 జనవరిలో ఉంది. దాని లెక్కలో నేటి ఫైళ్లన్నీ రాబోయే కాలానివి, అందుకే ఒప్పుకోవట్లేదు. బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 సెల్ అయిపోయింది. వాచీల షాపులో కూడా దొరుకుతుంది ఆ సెల్, నాలుగింటికీ ముందే కొత్తవి వేసేయండి, తర్వాత క్రోనీ ప్యాకేజీ వేస్తే గడియారాలన్నీ ఒక్కటిగా నడుస్తాయి.

ఒకరి తలుపు ఒకరికి తెరవడం

కృష్ణ మీద కూర్చుని తాళంచెవి తయారుచేసే ఎస్ఎస్‌హెచ్-కీజెన్ ఒకసారి, తర్వాత మిగతా మూడింటికీ దాన్ని పంపే ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీ ఒక్కోసారి. ఆ తర్వాత ఎస్ఎస్‌హెచ్ మూసీ అనగానే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి వెళ్లాలి. ఒక్కోదానిలోకి చేత్తో ఒకసారి వెళ్లిరండి, మొదటిసారి అవును, కాదు అని అడిగే ప్రశ్న ఇప్పుడే అయిపోవాలి, లేకపోతే రాత్రి పని మధ్యలో ఎదురొస్తుంది.

ఒక మిషన్‌లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద మిగతావాటికీ చూపించే ఎన్ఎఫ్ఎస్ వాడండి. కృష్ణలో పని అని ఒక ఫోల్డర్ చేసి, ఎన్ఎఫ్ఎస్ కెర్నల్ సర్వర్ ప్యాకేజీ వేసి, ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో ఆ ఫోల్డర్ పేరు, పక్కన 192.168.10.0/24, బ్రాకెట్లో చదవొచ్చు రాయొచ్చు అనే ఆర్‌డబ్ల్యూ రాయండి. మిగతా మూడింట్లో దాన్ని సరిగ్గా అదే దారిలో, అదే పేరుతో మౌంట్ చెయ్యండి, దారి తేడా వస్తే సగం ప్రోగ్రామ్‌లకి ఫైల్ దొరకదు. బూట్ అయ్యేటప్పుడు ఏ ఫోల్డర్లు మౌంట్ చెయ్యాలో రాసే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ లైనుకి నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ అనే రెండు మాటలూ చేర్చడం మర్చిపోకండి. కరెంటు పోయి వచ్చినప్పుడు కృష్ణకన్నా ముందు డిండి లేస్తే, ఫోల్డర్ దొరకలేదని బూట్ మధ్యలో ఆగిపోతుంది, కీబోర్డు మానిటర్ లేని మిషన్ అలా ఆగితే మళ్లీ అటక మీంచి మానిటర్ దించాల్సిందే.

పని పంచడం

క్లస్టర్ అనగానే అందరూ పనులు పంచే స్లర్మ్ అనే ప్రోగ్రామ్ పేరు చెప్తారు. యూనివర్సిటీల్లో వాడేది అదే, నేర్చుకోవాలంటే తప్పక నేర్చుకోండి. కానీ ఇంట్లో నాలుగు మిషన్లకి, ఒక్కరే వాడుకునేదానికి జీఎన్‌యూ ప్యారలల్ చాలు. ఒక చిన్న ఫైల్లో ఏ మిషన్‌కి ఎన్ని పనులో రాస్తాం: కృష్ణకి 4, మూసీ డిండి హాలియాలకి రెండేసి. మీరు కూర్చున్న మిషన్‌ని పేరుతో కాకుండా ఒక కోలన్ గుర్తుతో రాయాలి. తర్వాత ఎస్ఎస్‌హెచ్‌లాగిన్‌ఫైల్ అనే ఆప్షన్‌కి ఆ ఫైల్ ఇచ్చి, చెయ్యాల్సిన పేజీల లిస్టు అందిస్తే, ఖాళీ అయిన చేతికల్లా అదే తర్వాతి పేజీ ఇస్తూ పోతుంది.

కరెంటు కోతకి మందు ఇందులోనే ఉంది. జాబ్‌లాగ్ ఆప్షన్ పెడితే పూర్తయిన ప్రతి పేజీ ఒక చిట్టాలో ఎక్కుతుంది. తెల్లారి మళ్లీ అదే కమాండ్ రెజ్యూమ్ ఆప్షన్‌తో కొడితే, చిట్టాలో ఉన్నవి వదిలేసి మిగిలినవే మొదలుపెడుతుంది. కరెంటు పోయినప్పుడు సగంలో ఉన్న పేజీలు చిట్టాలో ఎక్కకపోతే వాటిని మళ్లీ చేస్తుంది. మిషన్ ఆరిపోయి చిట్టాలో ఫెయిల్ అని ఎక్కినవి కూడా చెయ్యాలంటే రెజ్యూమ్-ఫెయిల్డ్ అని ఇవ్వండి. ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను దీన్ని వదలను.

ఓసీఆర్‌కి టెసరాక్ట్, దానితోపాటు టెసరాక్ట్ ఓసీఆర్ తెలుగు ప్యాకేజీ, నాలుగింట్లోనూ వెయ్యాలి. పీడీఎఫ్ నుంచి పేజీలు విడదీయడానికి పాప్లర్‌లోని పీడీఎఫ్‌టూపీపీఎం, 300 డీపీఐ. ఇక్కడ ఒక చిక్కు ఉంది. టెసరాక్ట్ ఒక్క పేజీకే నాలుగు థ్రెడ్ల (ఒకేసారి నడిచే పనిపాయల) దాకా వాడుకోవాలని చూస్తుంది. మనం ఒకేసారి నాలుగు పేజీలు ఇస్తే పదహారు థ్రెడ్లు నాలుగు కోర్ల కోసం కొట్టుకుంటాయి, పని ముందుకి సాగదు. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే వేరియబుల్‌ని 1 చేసి నడపండి. నాకు ఈ ఒక్క మార్పుతో వచ్చిన తేడా ఒక కొత్త మిషన్ తెచ్చినంత.

పనిని ఏ సైజులో ముక్కలు చెయ్యాలనేది కూడా చూసుకోవాలి. మొదట నేను పత్రిక మొత్తాన్ని ఒక ముక్కగా ఇచ్చాను. చివర్లో ఒక లావుపాటి దీపావళి ప్రత్యేక సంచిక హాలియాకి పడింది, మిగతా మూడూ పని అయిపోయి ఖాళీగా వేడెక్కుతుంటే అది ఒక్కటే గంటకు పైగా లాగింది. ఇప్పుడు పేజీకి ఒక పని. ముక్క చిన్నదైతే చివర్లో ఎదురుచూపు తక్కువ.

లెక్క చెప్తాను, దీనిలో నేర్చుకునేది ఉంది. ఐ5లో ఒక్కో కోర్ ఒక పేజీకి 20 సెకన్లు తీసుకుంది, ఈ7500లో 45. అంటే మూడు కోర్ టూ డ్యుయోల ఆరు కోర్లూ కలిసి ఐ5 ఒక్కదాని పనిలో మూడింట రెండు వంతులే చేశాయి. ప్రాసెసర్ తరం తేడా ఇక్కడ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఐ5 ఒక్కటే అయితే 9 వేల పేజీలకి పన్నెండున్నర గంటలు, అంటే మాకు రెండు రాత్రులు. నాలుగూ కలిస్తే ఏడున్నర గంటలు రావాలి, వచ్చింది ఎనిమిది. ఒక్క రాత్రి. మూడు కోర్ టూ డ్యుయోల బదులు ఇంకో ఐ5 దొరికితే కళ్లకద్దుకుని తీసుకునేవాణ్ణి.

ఆ పొద్దున నాన్న, ఎప్పుడో చదివిన ఒక కథ ఉంది, పేరు మర్చిపోయాను, అందులో ఎడ్ల బండి వాగులో కొట్టుకుపోతుంది అన్నారు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌తో వాగు, బండి అని రెండు మాటలు వెతికితే పదిహేడు పేజీలు వచ్చాయి, తొమ్మిదోది అదే. కళ్లద్దాలు పెట్టుకుని స్క్రీన్ మీదే మొత్తం చదివారు.

ఎంపీఐ నేర్చుకోవాలంటే

మిషన్లు పని మధ్యలో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సిన లెక్కలుంటాయి, వాతావరణం, ఫ్లూయిడ్స్ లాంటివి, వాటికి ఎంపీఐ. బీటెక్, ఎమ్మెస్సీ పిల్లలు దీన్ని తప్పకుండా చేసి చూడాలి. ఓపెన్ ఎంపీఐ నాలుగింట్లోనూ ఒకే వెర్షన్ వెయ్యండి, హోస్ట్ ఫైల్లో పేర్లు, స్లాట్ల సంఖ్య రాయండి, మొదటి పరీక్షగా ఎంపీఐరన్‌తో హోస్ట్‌నేమ్ కమాండ్ నడపండి, నాలుగు పేర్లూ తెర మీద కనిపిస్తే దారి సుగమం. తర్వాత గణితంలోని పై (π) విలువ లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్ రాయండి, ఒక కోర్, రెండు, నాలుగు, పది, ఒక్కోసారి ఎంత సమయం పట్టిందో కాగితం మీద గ్రాఫ్ గీయండి. అమ్‌డాల్ చెప్పింది మీ చేతి గీతలోనే కనపడుతుంది.

ప్రోగ్రామ్‌ని కంపైల్ చేసేటప్పుడు మార్చ్ నేటివ్ ఆప్షన్ కృష్ణ మీద ఇచ్చారో, ఐ5కి మాత్రమే తెలిసిన ఇన్‌స్ట్రక్షన్లు అందులో చేరతాయి, మూసీకి వెళ్లగానే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని పడిపోతుంది. అన్నింటికన్నా పాత మిషన్ మీద కంపైల్ చేసి, అదే ఫైల్‌ని అందరికీ ఇవ్వండి.

ఆపేటప్పుడు వరస తప్పకండి. ముందు మూసీ, డిండి, హాలియా, అవి పూర్తిగా ఆరాక చివర్లో కృష్ణ. కృష్ణని ముందు ఆపితే ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్ కోసం మిగతావి షట్‌డౌన్ మధ్యలో అలాగే వేలాడతాయి. అన్నీ ఆరాక జంక్షన్ బాక్స్ స్విచ్ కూడా తీసెయ్యండి, వానాకాలం ఉరుములు మొదలైన రోజుల్లో అయితే ప్లగ్గే పీకెయ్యండి.